చూపు డయళ్ళ మీద, వేళ్ళు ట్రిమ్ చక్రం మీద

మేఘంలోకి దూరిన విమానంలో అద్దాలతో పని ఉండదు. ముందూ పక్కలా పైనా కిందా ఒకటే తెలుపు. ఇక పైలట్‌కు మిగిలేవి ఎదుటి ఆరు డయళ్ళు. వేగం ఎంత, ముక్కు ఎటు లేచింది, రెక్క ఎటు వాలింది, ఎంత ఎత్తులో ఉన్నాం, ఏ దిక్కుకు పోతున్నాం, నిమిషానికి ఎన్ని అడుగులు దిగుతున్నాం అన్నవన్నీ వాటిలోనే చదువుకోవాలి. వాటిని తప్ప దేన్నీ, ముఖ్యంగా తన ఒంటిని, నమ్మకుండా విమానాన్ని రన్‌వే దాకా తీసుకురావడమే ఇన్‌స్ట్రుమెంట్ ఫ్లయింగ్.

విమాన విద్యలో ఇంట్లో కూర్చుని సాధన చేయడానికి దీనికి మించినది లేదని నా నమ్మకం. నేలను చూస్తూ దిగే విద్య కంప్యూటర్ తెర ముందు సగమే వస్తుంది. తెర ఎంత పెద్దదైనా కంటి కొసల్లో నేల పరుగెత్తదు, లోతు అందదు. డయల్ సంగతి వేరు. సెస్నా 172లో దిక్కు చూపే డయల్ ఎలా కదులుతుందో, ఎక్స్-ప్లేన్‌లోనో మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్‌లోనో దాదాపు అలాగే కదులుతుంది. కుర్చీ ఒరగదు కాబట్టి మేఘంలో లోచెవి చేసే మోసం మాత్రం ఇక్కడ అనుభవానికి రాదు. అది విమానంలోనే నేర్చుకోవాలి. ఏ డయల్ తర్వాత ఏ డయల్ చూడాలి, దేన్ని చూసి దేన్ని సరిచేయాలి అనే చూపు నడక మాత్రం ఇంట్లోనే అలవడుతుంది.

అయితే ఆ చూపు నిలకడగా ఉండాలంటే చెయ్యి తనంతట తాను పని చేసుకుపోవాలి. యోక్ (విమానాన్ని తిప్పే చేతి పిడి) గానీ, లీవర్ గానీ, నాబ్ గానీ మంచిదా కాదా అని నేను తూచే తూకం ఇదే: కన్ను డయళ్ళ మీది నుంచి పక్కకు పోకుండా వేలు దాన్ని వెతికి పట్టుకోగలగాలి, పట్టుకున్నాక అది చెప్పినంతే కదలాలి. పెట్టె మీద అచ్చేసిన బటన్ల లెక్క, రంగు దీపాల లెక్క దీని ముందు దిగదుడుపే.

ఈ విద్యా, దాన్ని నేల మీద నేర్పే యంత్రమూ ఒకే ఏడాది పుట్టాయి. 1929 సెప్టెంబర్ 24న న్యూయార్క్ దగ్గరి మిచెల్ ఫీల్డ్‌లో జిమ్మీ డూలిటిల్ కాక్‌పిట్‌కు ముసుగు కప్పించుకుని, బయటికి చూడకుండా పైకి లేచి, తిరిగి వచ్చి దిగాడు. ఎదుట ఉన్నవి స్పెర్రీ సంస్థ జైరోలు, కోల్స్‌మన్ తయారుచేసిన సున్నితమైన ఆల్టీమీటర్, రేడియో సంకేతం. అదే రాష్ట్రంలోని బింగ్‌హామ్టన్‌లో ఎడ్విన్ లింక్ అప్పటికే తండ్రి ఆర్గన్ ఫ్యాక్టరీలో ఒక చిన్న విమానపు బొమ్మను తయారుచేస్తున్నాడు. ఆర్గన్‌ను పలికించే తిత్తులు, కవాటాలు, గాలి గొట్టాలు అతనికి చిన్ననాటి నుంచీ చేతి పనిముట్లు. వాటినే ఆ బొమ్మ కింద అమర్చాడు. పైలట్ కర్రను పక్కకు వాల్చగానే కవాటం తెరుచుకుంటుంది, ఒక తిత్తి ఉబ్బుతుంది, పెట్టె ఒరుగుతుంది. హార్మోనియం తిత్తిని ఒత్తుతున్నప్పుడు అరచేతికి తెలిసే మెత్తని ఎదురు ఒత్తిడి ఉంటుంది చూడండి, గాలితో నడిచే ఆ పెట్టె కదలికలో ఉన్నది ఆ మెత్తదనమే.

మొదట్లో విమాన శిక్షణకు దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1934లో అమెరికా సైన్యం తపాలా మోసే బాధ్యత నెత్తిన వేసుకుంది. చెడు వాతావరణంలో ఎగరడం రాని పైలట్లు వరసగా కూలిపోయారు. అప్పుడు సైన్యం ఆరు లింక్ ట్రైనర్లు కొన్నది. రెండో ప్రపంచయుద్ధం ముగిసేసరికి 5 లక్షల మందికి పైగా వాటిలో కూర్చుని లేచారు. పైన మూత వేసేస్తే లోపల డయళ్ళు తప్ప ఇంకేమీ కనిపించేవి కావు. బయట శిక్షకుడి బల్ల మీద మూడు చక్రాల చిన్న పరికరం ఒకటి మ్యాప్ మీద పాకుతూ, లోపలి కుర్రాడు నడిపిన దారిని సిరాతో గీసేది. ఆ గీత చూస్తే అతని చేతి వాటం మొత్తం తెలిసిపోయేది. నేటి సిమ్యులేటర్ కూడా మనం వచ్చిన దారిని మ్యాప్ మీద గీసి చూపిస్తుంది. సాధన అయ్యాక దాన్ని చూడకుండా లేవకూడదు.

ఇక యోక్ దగ్గరికి వద్దాం. సెస్నా 172 లాంటి విమానం 90 నాట్ల వేగంతో పోతోందనుకోండి. ముక్కు ఒక్క డిగ్రీ కిందికి వాలితే నిమిషానికి సుమారు 150 అడుగులు దిగిపోతుంది. 40 సెకన్లు గమనించకపోతే 100 అడుగులు పోయినట్టే. అమెరికాలో ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ పరీక్షలో ఎత్తు విషయంలో ఇచ్చే వెసులుబాటు సరిగ్గా ఆ 100 అడుగులే. ఆ ఒక్క డిగ్రీకి యోక్ మీద చెయ్యి కదలాల్సింది కొన్ని మిల్లీమీటర్లు. కాబట్టి ఇన్‌స్ట్రుమెంట్ ఫ్లయింగ్‌కు యోక్ కొనేవాడు దాన్ని ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పి చూసి లాభం లేదు. మధ్యలో ఉన్న ఆ కొన్ని మిల్లీమీటర్లలోనే దాని పనితనమంతా ఉంది.

చవక యోక్‌లలో రెండు జబ్బులు ఉంటాయి. ఒకటి, మధ్యలో చిన్న గాడి. వదిలేస్తే యోక్ అందులో టక్కున కూర్చుంటుంది. బొమ్మగా ఆడుకునేవాడికి అది సౌకర్యమే. రన్‌వేకు దారి చూపే రేడియో సంకేతాన్ని, అంటే ఐఎల్ఎస్‌ను, పట్టుకుని దిగేవాడికి మాత్రం పెద్ద అడ్డంకి, ఎందుకంటే అతని సవరణలన్నీ ఆ గాడి చుట్టూనే జరగాలి. గాడి దాటించడానికి బలం పెట్టాలి, దాటగానే ఆ బలం మిగిలిపోయి అనుకున్నదానికంటే ఎక్కువ కదులుతుంది. రెండోది ఇరుసు పట్టేయడం. ప్లాస్టిక్ గొట్టం ప్లాస్టిక్ రంధ్రంలో జారుతుంటే నిలిచి ఉన్నప్పటి రాపిడి ఎక్కువ, కదిలాక తక్కువ. ఒత్తితే కదలదు, ఇంకాస్త ఒత్తితే ఒక్కసారిగా జారుతుంది. ముల్లు పైకీ కిందికీ ఊగుతూనే ఉంటుంది, నేర్చుకునేవాడు తప్పంతా తన చేతిదే అనుకుంటాడు.

హనీకోంబ్ వాళ్ళు 2019లో బజారులోకి తెచ్చిన ఆల్ఫా యోక్‌ను మెచ్చుకోవాల్సింది ఇక్కడే. గట్టి ఉక్కు షాఫ్ట్, దాన్ని మోసే బాల్ బేరింగులు, మధ్యలో గాడి లేకపోవడం. ఒక చివర నుంచి మరో చివరకు 180 డిగ్రీలు తిరుగుతుంది కాబట్టి చేతి కదలిక పరుచుకుని, ప్రతి డిగ్రీ వంపుకూ వేళ్ళకు కాస్త ఎక్కువ చోటు దొరుకుతుంది. స్టాండర్డ్ రేట్ మలుపు అంటే సెకనుకు 3 డిగ్రీలు, పూర్తి చుట్టుకు రెండు నిమిషాలు. 90 నాట్లలో దానికి 14 డిగ్రీల వంపు చాలు. అంత కొద్దిపాటి వంపును తెచ్చుకుని, నిలుపుకుని, మళ్ళీ సరిగ్గా సున్నాకు దించాలంటే ఆ చోటు ఉండి తీరాలి. ఇంకా ఖరీదైన యోక్‌లు ఎన్ని ఉన్నా, మామూలు ఇంటి బల్ల మీదికి ఈ పాటి పనితనాన్ని అందుబాటు ధరలో తెచ్చినందుకు ఆ తయారీదారులకు గౌరవం దక్కాలి.

లోపలి సెన్సర్ గురించి కూడా ఒక మాట. పాత రేడియో వాల్యూమ్ తిప్పుతుంటే గరగరమనడం మన ఇళ్ళలో అందరూ విన్నదే. అదే పొటెన్షియోమీటర్ చాలా యోక్‌లలో ఉంటుంది. కార్బన్ పట్టీ మీద లోహపు కాలు రాసుకుంటూ తిరుగుతుంది. పట్టీ ముందుగా అరిగేది ఎక్కువగా వాడే చోట, అంటే మనకు కావలసిన ఆ మధ్యలోనే. ఎడ్విన్ హాల్ 1879లో కనిపెట్టిన సూత్రంతో పనిచేసే హాల్ సెన్సర్‌లో రాపిడే లేదు. అయస్కాంతం కదులుతుంది, దాని క్షేత్రంలో వచ్చిన మార్పును చిప్ కొలుస్తుంది. ఒకదానికొకటి తగలవు కనుక అరుగుదల లేదు. పెట్టె మీద 10 బిట్లు, 12 బిట్లు, 16 బిట్లు అని రాస్తారు. 10 బిట్లంటే 1,024 మెట్లు. యోక్ ముందుకూ వెనక్కూ 10 సెంటీమీటర్లు కదులుతుందనుకుంటే మెట్టుకు పదో వంతు మిల్లీమీటర్. మన వేళ్ళకు అది చాలు. అంకె వణకకుండా నిలబడటం అంతకంటే ముఖ్యం. చెయ్యి తీసేశాక కూడా అంకె పది మెట్ల మేర ఊగుతుంటే 16 బిట్లు రాసి ఉన్నా ఉపయోగం లేదు.

ఇంతకీ యోక్ కంటే నేను పైన నిలబెట్టేది ట్రిమ్ చక్రాన్ని. నిజమైన విమానంలో పైలట్ ముందు ముక్కును కావలసిన చోట పెడతాడు, ఇంజిన్ శక్తి సరిచేస్తాడు, ఆ తర్వాత చేతికి తగులుతున్న బరువు పూర్తిగా పోయేదాకా ట్రిమ్ చక్రం తిప్పుతాడు. ఇక విమానం తనంతట తాను ఆ వేగాన్ని పట్టుకుని పోతుంది. చార్టు చదవాలన్నా, ఫ్రీక్వెన్సీ మార్చాలన్నా, కంట్రోలర్ చెప్పింది రాసుకోవాలన్నా అవకాశం దొరికేది ఇక్కడే. ట్రిమ్ సరిగా లేని విమానంలో ఈ పనుల్లో ఏది చేసినా ఎత్తు జారిపోతుంది.

స్ప్రింగు యోక్‌తో ఇంట్లో చేసేవారికి ఒక తేడా ఎదురవుతుంది. విమానంలో ట్రిమ్ చేశాక యోక్ ఉన్నచోటే ఉంటుంది, బరువు మాత్రం పోతుంది. ఇంట్లో స్ప్రింగు ఎప్పుడూ మధ్యకే లాగుతుంది. కాబట్టి చక్రం తిప్పుతూ తిప్పుతూ, ముక్కు కదలకుండా చూసుకుంటూ, యోక్‌ను మెల్లగా మధ్యకు వదలాలి. రెండు చేతులూ కలిసి చేసే ఈ పని మొదట్లో తికమక పెడుతుంది. కుదిరాక చూడముచ్చటగా ఉంటుంది: ఒక చెయ్యి ఎంత వదులుతుందో మరో చెయ్యి అంత అందుకుంటుంది, ఆల్టీమీటర్ ముల్లు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. స్విట్జర్లాండ్‌కు చెందిన బ్రున్నర్ లాంటి వాళ్ళ ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ యోక్‌లలో మోటార్లు ఆ మధ్య బిందువునే జరుపుతాయి, విమానంలో లాగానే. డబ్బు ఉంటే అదే సరైన దారి. లేకపోయినా ముక్కు, శక్తి, ట్రిమ్ అనే వరస మాత్రం స్ప్రింగుతోనూ చేతికి అబ్బుతుంది.

హనీకోంబ్ వాళ్ళదే బ్రావో థ్రాటిల్ క్వాడ్రంట్ మీద ఉన్న ట్రిమ్ చక్రం ఆగకుండా ఎంతసేపైనా తిరుగుతుంది. లోపల ఉన్నది ఎన్‌కోడర్, అంటే చక్రం ఎక్కడుందో అది చెప్పదు, ఎన్ని మెట్లు ఎటు తిరిగిందో మాత్రం చెబుతుంది. లోపలి రెండు కాంటాక్టులు కాస్త ముందూ వెనుకగా తెరుచుకుని మూసుకుంటాయి, ఏది ముందు మూసుకుందన్నదాన్ని బట్టి దిశ తెలుస్తుంది. ఇందులో సరిచూసుకోవాల్సింది ఒక్కో మెట్టుకు విమానం ఎంత స్పందిస్తుందో. మెట్టు పెద్దదైతే ఒక మెట్టు దగ్గర విమానం నిమిషానికి 50 అడుగులు ఎక్కుతూ, పక్క మెట్టు దగ్గర 50 అడుగులు దిగుతూ ఉంటుంది. నిలకడ ఆ రెండింటి మధ్య ఉండిపోయి, చేతికి చిక్కదు. మెట్టు మరీ చిన్నదైతే చక్రాన్ని దొర్లిస్తూనే ఉండాలి. సిమ్యులేటర్ సెట్టింగుల్లో దీన్ని ఓపికగా కుదుర్చుకోవాలి. ఆల్ఫా ఎడమ కొమ్ము మీద నిలువుగా పక్కపక్కన రెండు మీటలు ఉంటాయి, వాటిని ఎలక్ట్రిక్ ట్రిమ్‌కు వాడుకోవచ్చు. నిజమైన విమానాల్లోనూ అలా రెండుగా చీల్చి పెడతారు. రెండూ కలిపి ఒత్తితేనే మోటారు తిరుగుతుంది. ఒకటి ఇరుక్కుపోయినా ట్రిమ్ దానంతట అది పరుగెత్తకుండా ఉండటానికి చేసిన ఏర్పాటది. బొటనవేలు మందం ఉన్న ఆ చోట ఎంత ఆలోచన పట్టించారో చూడండి.

ట్రిమ్ తర్వాతి స్థానం నాబ్‌లది. 1998లో వచ్చిన గార్మిన్ జీఎన్ఎస్ 430 చూడండి. ఒకే ఇరుసు మీద బయట పెద్ద నాబ్, లోపల చిన్న నాబ్. 110.30 కావాలంటే పెద్దదానితో 110, చిన్నదానితో 30. తిప్పేటప్పుడు వేలికి తగిలే గాట్లను లెక్కపెట్టుకుంటే సగం పని చూడకుండానే అయిపోతుంది. ఇదే పనిని మౌస్‌తో చేసి చూడండి. బాణం గుర్తు ఎక్కడుందో వెతకాలి, తెర మీది నాబ్ అంచున దాన్ని నిలపాలి, జారిపోతే మళ్ళీ వెతకాలి. తల ఎత్తేసరికి విమానం ఒక పక్కకు వాలి, దిక్కు మారి ఉంటుంది. మౌస్ ఉన్నంతకాలం చూపు నడక అలవడదని గట్టిగా చెబుతాను. అక్టావీ ఐఎఫ్ఆర్-1 అనే చిన్న పెట్టె ఈ బాధ తీర్చడానికే పుట్టింది. ఒక పక్క రేడియో, నావ్, జీపీఎస్, ఆటోపైలట్, ట్రాన్స్‌పాండర్ అని ఎంచుకునే నాబ్, ఇంకో పక్క జంట నాబ్. అరచేతిలో ఇమిడే ఆ పెట్టె ఒక పెద్ద ప్యానెల్ చేసే పని చేస్తుంది.

బ్రావో మీది ఆటోపైలట్ వరస విషయంలో మాత్రం నాకు పూర్తి తృప్తి లేదు. హెడింగ్, ఆల్టిట్యూడ్, కోర్స్, వేగం, దిగే రేటు అన్నింటికీ కలిపి ఒకే తిప్పుడు నాబ్, దేన్ని తిప్పుతున్నామో చెప్పే మీట వేరుగా. మీట ఎత్తు మీద ఉందని మరిచి హెడింగ్ అనుకుని తిప్పితే, కంట్రోలర్ ఇచ్చిన ఎత్తు మారిపోతుంది. చూసి తిప్పాలి. అంటే కన్ను పక్కకు పోవాలి. గార్మిన్ జీ1000లో హెడింగ్‌కూ ఎత్తుకూ విడివిడి నాబ్‌లు వాటి వాటి చోట ఉంటాయి. బ్రావోలోది చోటూ ధరా కలిసొచ్చేలా చేసిన సర్దుబాటు అని అర్థమవుతూనే ఉంది. ఏదైనా, హెడింగ్ నాబ్ ఒక్కటైనా విడిగా పెట్టుకోగలిగితే సాధన బాగుపడుతుంది.

అదే బ్రావోలో చక్రాల మీటను చూస్తే మాత్రం మనసు నిండుతుంది. దాని కొసన చక్రం ఆకారం. ఫ్లాప్స్ మీట కొస చదునుగా, రెక్క ముక్కలా. దీని వెనక ఒక కథ ఉంది. రెండో ప్రపంచయుద్ధంలో బీ-17 బాంబర్లు క్షేమంగా దిగాక, పైలట్లు ఫ్లాప్స్ లేపబోయి చక్రాలు లేపేసేవారు. విమానం పొట్ట మీద కూలబడేది. 1943లో ఆల్ఫాన్స్ చపానిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కాక్‌పిట్‌లోకి వెళ్ళి చూస్తే రెండు స్విచ్‌లూ ఒకేలా, పక్కపక్కన ఉన్నాయి. ఒకదానికి చిన్న రబ్బరు చక్రం, ఇంకోదానికి రెక్క ఆకారపు ముక్క అతికించాడు. పైలట్ల పొరపాట్లు ఆగిపోయాయి. ఈనాటికీ విమాన నిబంధనలు ఆ ఆకారాలనే కోరతాయి. ఇంట్లో బల్ల మీద పెట్టుకునే వస్తువులోనూ ఆ ఆకారాన్ని దిద్ది పెట్టినవాడికి ఈ విద్య మీద భక్తి ఉందనే అనుకుంటాను. నలుపు థ్రాటిల్, నీలం ప్రొపెల్లర్, ఎరుపు మిక్స్చర్ లీవర్లదీ అదే పద్ధతి.

ఆల్ఫా పెట్టె ముందువైపు బ్యాటరీ, ఆల్టర్నేటర్, ఏవియానిక్స్ స్విచ్‌లు, లైట్ల వరస, అయిదు స్థానాల మాగ్నెటో తాళం ఉంటాయి. వాటిని అలంకారం అనుకోకండి. మేఘంలో ఉండగా ఆల్టర్నేటర్ ఆపేసి, బ్యాటరీ మీద ఎంతసేపు నెట్టుకు రాగలమో చూడటం మంచి సాధన. బ్రావో అడుగు వరసలోని మీటల్లో ఒకదాన్ని పీటో హీట్‌కు కేటాయించండి. గడ్డకట్టే మేఘంలో అది వేయడం మరిస్తే వేగం చూపే డయల్ అబద్ధం చెప్పడం మొదలుపెడుతుంది.

పెడళ్ళ మీద ఎక్కువ డబ్బు పోయకండి. మేఘంలో పాదాల పని మలుపు చూపే డయల్‌లోని బంతిని మధ్యలో ఉంచడం వరకే. తేలికగా కదిలే మామూలు జత చాలు.

ఇంటి సాధన లాగ్‌బుక్‌లోకి ఎక్కదన్నది కూడా తెలిసి ఉండాలి. అమెరికాలో ఎఫ్ఏఏ ఆమోదపత్రం ఉన్న శిక్షణ పరికరంలో చేసిన గంటలనే లెక్కలోకి తీసుకుంటారు. రేటింగ్‌కు కావలసిన 40 ఇన్‌స్ట్రుమెంట్ గంటల్లో ప్రాథమిక స్థాయి పరికరం మీద 10 దాకా, పై స్థాయి పరికరం మీద 20 దాకా కలుపుకోవచ్చు. రేటింగ్ వచ్చాక దాన్ని చెల్లుబాటులో ఉంచుకోవాలంటే 6 నెలల్లో 6 అప్రోచ్‌లు, హోల్డింగ్ (చెప్పిన చోట చుట్లు కొడుతూ వేచి ఉండటం), కోర్సు పట్టుకుని సాగడం చేసి ఉండాలి. బేగంపేటలోనో, ఫ్లోరిడాలోనో, టెక్సస్‌లోనో శిక్షణ తీసుకునే మన పిల్లలకు విమానం గంట ఎంత ఖరీదో చెప్పక్కర్లేదు. హోల్డింగ్‌లోకి ఎలా ప్రవేశించాలో గాలిలో డబ్బు కాలుస్తూ ఆలోచించే బదులు ఇంట్లోనే నలిగి వెళితే, ఆ గంట నిజంగా గాలిలోనే నేర్వాల్సిన వాటికి మిగులుతుంది.

కొనేముందు అంగట్లోనో స్నేహితుడి ఇంట్లోనో ఒక పరీక్ష చేయండి. శంషాబాద్ ఐఎల్ఎస్ మీద 10 మైళ్ళ దూరంలో విమానాన్ని పెట్టి, మబ్బును 200 అడుగుల దాకా దించేయండి. 90 నాట్లలో 3 డిగ్రీల దారి పట్టుకోవాలంటే నిమిషానికి 480 అడుగుల చొప్పున దిగాలి. ట్రిమ్ చేసి, యోక్ మీద రెండు వేళ్ళు మాత్రమే ఉంచండి. మైలు దూరంలో, దిగే దారికి పైన ఉన్నామో కింద ఉన్నామో చూపే గ్లైడ్‌స్లోప్ ముల్లు పూర్తిగా అంచుకు పోవడమంటే దారికి దాదాపు 75 అడుగుల తేడా. ముల్లు అంచుకు సగం దూరం తప్పినప్పుడు ఆ రెండు వేళ్ళతో మెల్లగా మధ్యకు తేగలుగుతున్నారా, లేక ముల్లు అటు దాటి ఇటు దాటి ఊగుతోందా అని చూడండి. ఊగుతుంటే ముందు సెట్టింగుల్లో యోక్ మధ్యలో వదిలిన ఖాళీని సున్నాకు తెచ్చి మళ్ళీ ప్రయత్నించండి. అప్పటికీ ఊగితే ఆ యోక్ వద్దు. బల్లకు బిగించేటప్పుడు యోక్ తల ఆల్టీమీటర్‌కు అడ్డం రాకుండా తెరను నాలుగంగుళాలు ఎత్తండి, ట్రిమ్ చక్రాన్ని మోచెయ్యి కుర్చీ చేతిని వదలకుండానే అందేంత దగ్గరగా జరపండి.